కాలానికి పట్టాలు వేసిన ఇంజనీరు – సర్ శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని కార్యదర్శి గారు కోరారు. కాటన్ దొర గురించీ, విశ్వేశ్వరయ్య గారి గురించీ రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు కనుక నేను ఆ జోలికి పోలేదు. మన శాఖకే చెందినవారు, కెనడా దేశంలో అందరికీ తెలిసినవారు, మన దగ్గర మాత్రం పేరు అంతగా వినబడనివారు అయిన సర్ శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్ అనే రైల్వే ఇంజనీరు కథ చెబుతాను. సెల్‌ఫోనులో వేళ చూసుకునే ప్రతివారికీ ఆయనతో సంబంధం ఉంది. అమెరికాలోనో ఐర్లండులోనో పిల్లలున్న మన సభ్యులకు మరీ ఎక్కువగా ఉంది.

నా ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో ఎక్కువ భాగం కంట్రోలు ఆఫీసులో చార్టు ముందే గడిచింది. ఏ బండి ఏ స్టేషను ఎన్ని నిమిషాలకు దాటిందో పెన్సిలు గీతలుగా గీయడమే పని. మన జనరల్ రూల్సులో రోజూ 16.00 గంటలకు ప్రామాణిక కాలాన్ని ముఖ్య స్టేషన్లన్నిటికీ అందజేయాలన్న నిబంధన మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వేళకు సెక్షను మొత్తం గడియారాలు సరిచూసుకునేది. దేశమంతా ఒకే గడియారం మీద నడవడం మనకు గాలీ నీరూ అంత సహజంగా ఉండేది. ఇది ఎక్కడి నుంచి వచ్చిందని అడిగే తీరిక డ్యూటీలో ఉండగా ఎవరికీ లేదు. రిటైరయ్యాక తీరిక దొరికింది, చదివాను.

ఫ్లెమింగ్ గారు 1827 జనవరి 7న స్కాట్లండులోని కిర్కాల్డీ పట్నంలో జన్మించారు. పసితనం పూర్తిగా వదలకముందే ఒక సర్వేయరు దగ్గర పనిలో కుదిరి, 1845లో పద్ధెనిమిదేళ్ళ వయసున అన్నగారైన డేవిడ్‌తో కలిసి ఓడెక్కి కెనడా చేరారు. మొదట పీటర్‌బరోలో, ఆ తరువాత టొరంటోలో సర్వే పనులతో పొట్ట పోసుకున్నారు. 1849లో కొందరు మిత్రులతో కలిసి టొరంటోలో కెనడియన్ ఇన్‌స్టిట్యూట్ అనే విద్వత్సభను స్థాపించారు. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండు. అదే ఏడాది మాంట్రియల్‌లో అల్లరిమూక పార్లమెంటు భవనానికి నిప్పు పెట్టినప్పుడు, మండుతున్న భవనంలోకి వెళ్ళి విక్టోరియా రాణి పటాన్ని మరి కొందరితో కలిసి బయటికి మోసుకొచ్చినవారిలో ఆయన ఒకరు. 1851లో కెనడా మొట్టమొదటి తపాలా బిళ్ళను రూపొందించినదీ ఆయనే. దాని మీద బొమ్మ బీవర్‌ది. వాగులకు అడ్డంగా కట్టెలతో ఆనకట్టలు కట్టే జంతువది. ఇంజనీరు ఎన్నుకోదగిన బొమ్మే. స్టాంపులు సేకరించే అలవాటున్న సభ్యులకు త్రీ పెన్నీ బీవర్ పేరు తెలిసే ఉంటుంది.

రైల్వేలో ఆయన ఎదుగుదల మన పెద్ద ఆఫీసర్ల సర్వీసు రికార్డులాగే ఉంటుంది. క్రింది మెట్టు నుంచి మొదలై చీఫ్ ఇంజనీరు దాకా పోయింది. అట్లాంటిక్ తీరంలోని హాలిఫాక్స్ రేవును లోపలి నగరాలతో కలిపే ఇంటర్‌కలోనియల్ రైల్వేకు 1860లలో సర్వే చేసి, నిర్మాణ బాధ్యత కూడా వహించారు. వంతెనలు చవకగా కలపతో కట్టమని పైవారు పట్టుబట్టారు. కలప వంతెన ఎప్పటికైనా అగ్గిపాలు అవుతుందని, ఇనుముతోనే కట్టాలని ఆయన పట్టు విడవలేదు. ఫైలు పైదాకా వెళ్ళింది, చివరకు ఆయన మాటే నెగ్గింది. ఆ లైను 1876లో పూర్తయింది. దాని పని ముగియకుండానే 1871లో కెనడా పసిఫిక్ రైల్వే సర్వే కూడా ఆయన నెత్తిన పెట్టారు. సముద్రం నుంచి సముద్రం దాకా, మధ్యలో రాకీ పర్వతాలు. 1872లో జార్జి గ్రాంట్ అనే మిత్రుణ్ణి కార్యదర్శిగా వెంటబెట్టుకుని ఆ దారి అంతా స్వయంగా తిరిగి చూశారు. ఇద్దరు చీఫ్ ఇంజనీర్ల పని ఒకరే చేయడం ఎంత భారమో మనకు చెప్పనక్కరలేదు.

ఇక అసలు కథకు వస్తాను. 1876లో ఆయన సెలవు మీద బ్రిటన్ వెళ్ళి, ఐర్లండులో బండోరన్ అనే చిన్న స్టేషనుకు సాయంత్రం బండి కోసం చేరుకున్నారు. బండి రాలేదు. విచారిస్తే అది ఉదయం పోయే బండి. టైంటేబిలులో ఉదయాన్ని సూచించే ఏ.ఎం. బదులు పి.ఎం. అని అచ్చయింది. ఒక్క అక్షరం తేడాతో, రెండు మహా రైలుమార్గాల చీఫ్ ఇంజనీరు రాత్రంతా ఒక పల్లె స్టేషనులో పడి ఉండవలసి వచ్చింది. వేరొకరైతే స్టేషను మాస్టరు మీద కేకలు వేసి మరచిపోయేవారు. ఫ్లెమింగ్ గారు మాత్రం తప్పు ప్రెస్సు వాడిది కాదు, లెక్కపెట్టే పద్ధతిది అని తేల్చుకున్నారు. రోజుకు ఇరవై నాలుగు గంటలుండగా పన్నెండేసి చొప్పున రెండుసార్లు లెక్కపెట్టడం ఎందుకు? ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా వరసగా లెక్కిస్తే అక్షరాల అవసరమే ఉండదు కదా.

మన రైల్వేలో ఇది అలవాటే. అయినా 00.10 బండికి పదిహేనో తారీకు టికెట్టు తీసుకుని, పదిహేను రాత్రి పడుకోబోయే వేళకు పెట్టెలతో దిగే ప్రయాణికులు నేటికీ ఉన్నారు. బండి ముందటి రాత్రే వెళ్ళిపోయి ఉంటుంది. కనుక ఇరవై నాలుగు గంటల లెక్కతో చిక్కులన్నీ తీరతాయని నేను అనను. సగం తీరతాయి.

మిగతా సగం చిక్కు ఊరి వేళది. ఆ రోజుల్లో ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు పన్నెండు. భూమి ఒక గంటలో పదిహేను డిగ్రీలు తిరుగుతుంది కనుక, ఒక డిగ్రీ తూర్పుకు జరిగితే నాలుగు నిమిషాలు ముందు. ఈ లెక్కన టొరంటోకూ మాంట్రియల్‌కూ ఇరవై మూడు నిమిషాల తేడా. ఎడ్లబండి మీద పోయేవాడికి ఈ తేడాతో పని లేదు. సింగిల్ లైను మీద ఎదురెదురుగా రెండు బండ్లు నడిపేవాడికి మాత్రం ఇది చావు బతుకుల సమస్య. మన దేశంలోనూ ఇదే తంతు. బొంబాయి వేళ గ్రీన్‌విచ్ కంటే 4 గంటల 51 నిమిషాలు ముందు, మద్రాసుది 5 గంటల 21 నిమిషాలు, కలకత్తాది 5 గంటల 53 నిమిషాలు. రెండు మహానగరాలకూ నడుమ ఉన్నది కనుక మన రైల్వేలు మద్రాసు వేళను పట్టుకుని నడిచాయి. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి తంతి మీద ఆ వేళ అందేది. ఊళ్ళో గడియారం ఒకటి చెబితే స్టేషను గడియారం ఇంకొకటి చెప్పేది.

ఫ్లెమింగ్ గారు ఈ రెండు చిక్కులకూ కలిపి ఒకే మందు ఆలోచించారు. 1879లో కెనడియన్ ఇన్‌స్టిట్యూట్‌లో పత్రాలు చదివారు. ఆయన సూచన ఏమంటే, భూమి మొత్తానికి ఒకే గడియారం ఉండాలి. దానికి విశ్వకాలం అనే అర్థంలో కాస్మిక్ టైమ్ అని పేరు పెట్టారు. భూగోళాన్ని నారింజ పండు తొనల్లా ఇరవై నాలుగు భాగాలు చేసి, ఒక్కొక్క భాగానికి ఇంగ్లీషు అక్షరమాలలోంచి ఒక్కొక్క అక్షరం కేటాయించారు. ఊరి పనులకు ఊరి అక్షరం, రైలుకూ తంతికీ విశ్వకాలం. గడియారం ఒకటే, మిగతావి దాని మీద చీటీలు. నా ఉద్దేశంలో ఆయన జీవితంలో ఇంతకంటే గొప్ప ఆలోచన లేదు. లోకం దాన్ని ముక్కలు చేసి సగమే తీసుకున్నది, ఆ సంగతి తరువాత చెబుతాను.

కెనడా గవర్నరు జనరల్ ఈ పత్రాలను పలు దేశాల ప్రభుత్వాలకు పంపించారు. ఇంగ్లండులో రాజ ఖగోళ శాస్త్రవేత్త జార్జి ఎయిరీ దీన్ని కొట్టిపారేశారు. స్కాట్లండులో ఆ పదవిలో ఉన్న పియాజీ స్మిత్ గారికి ఈజిప్టు పిరమిడ్ మీద ఉన్న ప్రీతి గ్రీన్‌విచ్ మీద లేదు. రష్యా ఖగోళ శాస్త్రవేత్త ఒట్టో స్ట్రూవే మాత్రం బలపరిచారు. స్వదేశంలో చెప్పిన మాటకు పరదేశంలో విలువ దొరకడం మనం ఎరుగనిది కాదు.

ఇదే సమయంలో ఆయనకు ఉద్యోగంలో పెద్ద దెబ్బ తగిలింది. పసిఫిక్ రైల్వే సర్వేలకు ఖర్చు ఎక్కువైందని, పని ఆలస్యమైందని విమర్శలు రేగి, 1880లో ఆయనను చీఫ్ ఇంజనీరు పదవి నుంచి తప్పించారు. అప్పటికి వయసు యాభై మూడు. మనకు యాభై ఎనిమిది నిండాక, తరువాతివారికి అరవై నిండాక, దండ వేసి శాలువా కప్పి పంపారు. ఆయనకు ఆ మర్యాద కూడా దక్కలేదు. అయితే అక్కడి నుంచి ఇంకా ముప్ఫై అయిదేళ్ళు ఆయన బతికారు, ఏ పనీ వదలలేదు. 1880లోనే కింగ్‌స్టన్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్‌గా ఎన్నికై, చనిపోయేదాకా ఆ పదవిలో కొనసాగారు. నన్ను ఆయన వైపు లాగిన వాటిలో ఇదొకటి.

1883 నవంబరు 18, ఆదివారం. ఆ రోజు అమెరికా, కెనడా రైల్వేలు తమ పాత వేళలన్నిటినీ వదిలేసి కొత్త ప్రామాణిక కాలానికి మారాయి. కొన్ని ఊళ్ళలో మధ్యాహ్నం పన్నెండు రెండుసార్లు కొట్టింది. ఇక్కడ ఒక న్యాయమైన మాట చెప్పాలి. ఫ్లెమింగ్ గారినే కాలమండలాల పితామహుడని కెనడావారు అంటారు గాని, అమెరికాలో చార్లెస్ డౌడ్ అనే పాఠశాల ప్రిన్సిపాలు అంతకు ముందే రైల్వేల ముందు ఇలాంటి పథకం పెట్టారు. దానిని ఆచరణలోకి తెచ్చిన టైంటేబిలు పని చేసింది రైల్వేల సమావేశానికి కార్యదర్శి అయిన విలియం అలెన్. పాపం, ఆ డౌడ్ గారు 1904లో ఒక లెవెల్ క్రాసింగు దగ్గర రైలింజను తగిలి మరణించారు.

అలెన్ పథకంలో మండలాలకు అక్షరాలు లేవు, పేర్లు ఉన్నాయి. ఈస్టర్న్, సెంట్రల్, మౌంటెన్, పసిఫిక్. అట్లాంటిక్ తీరపు మండలానికి ఫ్లెమింగ్ గారు కట్టిన రైల్వే పేరే, ఇంటర్‌కలోనియల్ అని పెట్టారు. ఆ గౌరవం దక్కింది గాని, కాలానికి పేర్లు పెట్టే ఆచారం అక్కడే పాతుకుపోయింది. ఆ పేర్లను కుదించి రాసిన ఇ.ఎస్.టి., సి.ఎస్.టి. వంటి పొడి అక్షరాలతో నేడు కంప్యూటరు ఇంజనీర్లు తల పట్టుకుంటున్నారు.

1884 అక్టోబరులో వాషింగ్టన్‌లో ఇరవై అయిదు దేశాల ప్రతినిధులు సమావేశమయ్యారు. బ్రిటన్ ప్రతినిధివర్గంలో కెనడా తరఫున ఫ్లెమింగ్ గారు, భారతదేశ వ్యవహారాల తరఫున జనరల్ రిచర్డ్ స్ట్రేచీ కూర్చున్నారు. ఏ దేశానికీ అసూయ కలగకుండా గ్రీన్‌విచ్‌కు సరిగ్గా అవతలి వైపు, సముద్రం మధ్యగా పోయే రేఖను మొదటి రేఖగా పెట్టుకుందామని ఫ్లెమింగ్ గారి సూచన. అది నెగ్గలేదు. గ్రీన్‌విచ్‌కే ఇరవై రెండు దేశాలు ఓటు వేశాయి, ఒకటి కాదన్నది, ఫ్రాన్సు, బ్రెజిల్ తటస్థంగా ఉండిపోయాయి. అర్ధరాత్రి మొదలై ఇరవై నాలుగు దాకా లెక్కించే విశ్వదినాన్ని ఒప్పుకున్నారు. కాలమండలాల గురించి ఏ కట్టుబాటూ చేయలేదు, ఎవరి ఇష్టం వారిది అన్నారు. ఫ్రాన్సు 1911 దాకా పారిస్ వేళనే పట్టుకుని, అప్పుడు కూడా గ్రీన్‌విచ్ పేరు ఎత్తకుండా, పారిస్ వేళకు 9 నిమిషాల 21 సెకన్లు వెనక అని చట్టం చేసుకున్నది.

మన దేశానికి 1906 జనవరి 1న 82½ డిగ్రీల రేఖ ప్రకారం గ్రీన్‌విచ్ కంటే అయిదున్నర గంటలు ముందుండే ప్రామాణిక కాలం వచ్చింది. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరలోనే పోతుంది. అరగంట ఉండటం వల్ల మనం ఫ్లెమింగ్ గారి అక్షరాల్లో ఏ గడిలోనూ ఇమడము. కలకత్తావారు 1948 దాకా, బొంబాయివారు 1955 దాకా తమ పాత వేళను విడిచిపెట్టలేదు.

ఫ్లెమింగ్ గారి మిగిలిన పనులు ఒక పేరాలో ముగిస్తాను. తనను తప్పించిన పసిఫిక్ రైల్వేకే 1884లో డైరెక్టరయ్యారు. 1885 నవంబరు 7న ఆఖరి మేకు కొట్టిన నాటి ఫొటో కెనడాలో చాలా ప్రసిద్ధం. మేకు కొడుతున్న డొనాల్డ్ స్మిత్ వెనకనే పొడుగాటి టోపీ, తెల్లని గడ్డంతో నిలబడినవారే ఫ్లెమింగ్ గారు. 1897లో సర్ బిరుదు వచ్చింది. కెనడా నుంచి ఆస్ట్రేలియా, న్యూజీలండులకు పసిఫిక్ సముద్రం అడుగున తంతి తీగ వేయాలని ఇరవై ఏళ్ళకు పైగా వెంటబడి, 1902 అక్టోబరులో అది పూర్తి కాగా చూశారు. దానితో భూగోళం చుట్టూ తంతి పూర్తిగా కలిసింది. ఒక సందేశం తూర్పుగా, మరొకటి పడమరగా భూమిని చుట్టి వచ్చాయి.

ఇప్పుడు లోకం సగమే తీసుకున్నదని ఎందుకన్నానో చెబుతాను. మా మనవరాలు హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తోంది. వారి బృందంలో సగం మంది డబ్లిన్‌లో ఉంటారు. ఒకసారి మూడు గంటలకు ఐ.ఎస్.టి. అని మీటింగు పెట్టారట. ఈ పిల్ల మన మూడు గంటలకు కూర్చుంది, అక్కడివారు తమ మూడు గంటలకు వచ్చారు. నడుమ నాలుగున్నర గంటలు. కారణం ఏమంటే ఐ.ఎస్.టి. అంటే మనకు ఇండియన్ స్టాండర్డ్ టైమ్, వారికి ఐరిష్ స్టాండర్డ్ టైమ్, ఇజ్రాయెల్‌వారికి వారి స్టాండర్డ్ టైమ్. అందులోనూ ఐర్లండు చట్టంలో ప్రామాణిక కాలం అంటే వేసవిలో గంట ముందుకు జరిపిన వేళ. లోకమంతా చలికాలపు వేళను ప్రామాణికం అంటే, వారు వేసవిదాన్ని అంటారు. సి.ఎస్.టి. అంటే అమెరికాలో సెంట్రల్, ఆసియాలో చైనా, ఆ పక్కన క్యూబా. బి.ఎస్.టి. అంటే బ్రిటన్‌వారి వేసవి వేళ, బంగ్లాదేశ్ ప్రామాణిక కాలం కూడా అదే. 1968 నుంచి 1971 దాకా బ్రిటన్‌లో ఏడాది పొడుగునా గంట ముందు వేళ నడిపినప్పుడు దానికి బ్రిటిష్ స్టాండర్డ్ టైమ్ అని పేరు పెట్టి, ఆ మూడు అక్షరాలకే మరొక అర్థం తగిలించారు. అక్షరాలు చూసి వేళ తెలుసుకోవాలని కంప్యూటరు ప్రయత్నిస్తే అది ఊహాగానమే అవుతుంది.

ఫ్లెమింగ్ గారి ఒంటి అక్షరాల పద్ధతే మేలా అంటే, దానికీ గ్రహచారం తప్పలేదు. మిలిటరీవారు అలాంటి అక్షరాల పద్ధతే వాడతారు, గ్రీన్‌విచ్‌కు జెడ్ అక్షరం. 1982లో ఎలక్ట్రానిక్ ఉత్తరాల తేదీలకు నియమాలు రాసినవారు ఆ అక్షరాలను చేర్చి, తూర్పుకు ఉండవలసిన గుర్తును పడమరకూ, పడమరదాన్ని తూర్పుకూ తిరగేశారు. చివరకు ఆ అక్షరాలను లెక్కలోకి తీసుకోవద్దని 2001లో కొత్త నియమం రాయవలసి వచ్చింది.

దీనికి తోడు వేసవి వేళ. లండనులో విలియం విల్లెట్ అనే ఇళ్ళ నిర్మాణదారు 1907లో ఒక చిన్న పుస్తకం అచ్చువేసి, వేసవిలో గడియారాలు ముందుకు జరిపితే పగటి వెలుగు వృథా కాదని ప్రచారం చేశారు. ఫ్లెమింగ్ గారి కెనడాలోనే పోర్ట్ ఆర్థర్ అనే ఊరు 1908లో దాన్ని ఆచరించి చూపింది. నేడు అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కు తిప్పుతారు. యూరపులో మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం. మనం తిప్పము కనుక, న్యూయార్కుకు మనకు తేడా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. మార్చిలో తిప్పిన రాత్రి రెండున్నర అనే వేళే ఉండదు. నవంబరులో ఒకటిన్నర రెండుసార్లు వస్తుంది. ఆ రాత్రి ఒకటిన్నరకు అని రాసి పెట్టుకున్న పని కంప్యూటరు ఒకసారి చేయాలా, రెండుసార్లు చేయాలా?

మనకు ఆ బెడద లేదనుకోకండి. యుద్ధకాలంలో 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 దాకా మన దేశంలోనూ గడియారాలు గంట ముందుకు జరిపారు. ఆ మూడేళ్ళలో పుట్టినవారి జాతకం వేసేటప్పుడు ఇంట్లో రాసి పెట్టిన వేళలోంచి గంట తీసేయాలని సిద్ధాంతులు అడిగి మరీ తెలుసుకునేవారు. ఆ సంగతి తెలియని కంప్యూటరు ప్రోగ్రాముతో జాతకం వేయిస్తే లగ్నమే మారిపోవచ్చు. ఎనభై దాటిన సభ్యులు సరిచూసుకోవచ్చు.

నవ్వుకోలేని సంగతి ఒకటి ఉంది. మన సభ్యులొకరు ఒక జూలై నెలలో కాలం చేశారు. కొడుకు చికాగోలో ఉంటాడు, రావడానికి విమానం అందలేదు. కనీసం వీడియోలో తండ్రి కడసారి చూపు దక్కించుకోవాలని కోరాడు. ఇక్కడ ఉదయం ఎనిమిదిన్నరకు ఎత్తుబడి. అక్కడ అది ముందటి రాత్రి పది. ఇంటి కుర్రవాడొకడు లెక్క సరిగ్గానే వేసి, పది గంటలకు సి.ఎస్.టి. అని రాసి అందరికీ పంపాడు. వేసవిలో చికాగో వేళ సి.డి.టి., సి.ఎస్.టి. కాదు. మాటల్లో ఎవరూ ఆ తేడా పాటించరు. ఫోనులోని సాఫ్ట్‌వేరు మాత్రం రాసిన అక్షరాన్నే నమ్మి, అక్కడి కేలండర్లో పదకొండుకు వేసింది. ఆ అబ్బాయి తెర తెరిచేసరికి ఇక్కడ తొమ్మిదిన్నర. అప్పటికి చితి అంటుకుంది. ఎవరినీ అనడానికి లేదు. ఆ తల్లి ఈ మాట ఎత్తినప్పుడల్లా మాట మారుస్తుంది.

కంప్యూటరు లోపల సంగతి వింటే ఫ్లెమింగ్ గారు సంతోషించేవారు. లోపల ఒకటే గడియారం ఉంటుంది. 1970 జనవరి 1 గ్రీన్‌విచ్ అర్ధరాత్రి నుంచి ఎన్ని సెకన్లయిందో లెక్కపెట్టుకుంటూ పోతుంది. అదే ఆయన కోరిన విశ్వకాలం. బయటికి చూపేటప్పుడే ఊరి వేళగా మారుస్తుంది. అందుకు ఊళ్ళ పేర్లతో ఒక పట్టిక ఉంది. ఏ ఊళ్ళో ఏ ఏడాది ఏ తేదీన గడియారం జరిపారో అందులో నమోదై ఉంటుంది, ఏదైనా ప్రభుత్వం చట్టం మార్చినప్పుడల్లా దాన్ని సరిదిద్దుతుంటారు. భారతదేశం అందులో కోల్‌కతా పేరు మీద ఉంది. 1948 దాకా మన వేళను ఒప్పుకోని ఊరి పేరు మీదే యావద్దేశపు వేళ నమోదు కావడం నాకు తమాషాగా తోచింది.

కనుక విదేశాల్లోని పిల్లలకు వేళ పంపేటప్పుడు మూడక్షరాలు రాయకండి. ఊరి పేరు రాయండి: చికాగో వేళ రాత్రి 22.00, విజయవాడ వేళ ఉదయం 08.30, తారీకులతో సహా. ఫోనులో పెట్టేటప్పుడు కూడా ఊరి పేరునే ఎంచుకోమని పిల్లలకు చెప్పండి. పాత కంట్రోలరుగా నా సలహా ఇదే. మార్చి, నవంబరు నెలల్లో మరొకసారి సరిచూసుకోవాలి.

ఫ్లెమింగ్ గారు 1915 జూలై 22న హాలిఫాక్స్‌లో ఎనభై ఎనిమిదేళ్ళ వయసున కన్నుమూశారు. ఒట్టావాలోని బీచ్‌వుడ్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. వేసవి వేళ కోసం పోరాడిన విల్లెట్ కూడా అదే ఏడాది మార్చిలో, తన కోరిక తీరకుండానే పోయారు. మరుసటి ఏడాదే, యుద్ధంలో బొగ్గు పొదుపు కోసం ముందు జర్మనీ, ఆ వెంటనే బ్రిటన్ గడియారాలను గంట ముందుకు తిప్పాయి. గ్రీన్‌విచ్‌కు 25 నిమిషాలు వెనకగా తన డబ్లిన్ వేళతో నడిచిన ఐర్లండు, 1916 అక్టోబరు 1న ఆ తేడా వదులుకుంది. ఆయన బండి అందక రాత్రి గడిపిన బండోరన్‌కు రైళ్ళు 1957లో ఆగిపోయాయి.